మడచెట్టు జన్యురాశి

ఆత్మకూరు సీమమీదుగా సాగు పెన్నానది సముద్రమున కలియుచోట ఉప్పుబురదలో మడచెట్లు గలవు. మెట్టసీమయగు ఉదయగిరి బాలురకు ఇవి వింతగా తోచును. జన్యువులను మోయు పోగులగు క్రోమోసోములు తెల్లమడ కణములో 60కి పైగా నుండును. వరికి 24, నీరుల్లికి 16 మాత్రమే. అట్లయిన మడకే జన్యుపదార్థము మెండా? కాదు! నీరుల్లిది దానికి 30 రెట్లకు మించినది. తమ ప్రతులను తామే పెంచుకొనుచు చోటు మార్చు ఖండములు ఉల్లిలో పేరుకొనినవి. మడ అడవుల చెట్లలో అవి తక్కువ. కోరింగ యడవియందలి ఉప్పుపొన్నకు క్రోమోసోములు 36. జన్యురాశి తెల్లమడదానిలో సగమే. ఎంత పొదుపరి సంసారము!

సముద్రపు టుప్పు సోకిన పొలమున వరి యెండిపోవును గదా. అందుచే చెన్నపట్టణమందలి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థవారు మడనుండి ఉప్పునకోర్చు జన్యువులను గ్రహించి వరియందు ప్రవేశపెట్టి చూచిరి. ఆ వరి యింకను రైతు పొలము చేరలేదు.