భిలాయి నుంచి యానాం: వెళ్లదగ్గ ఊరేనా?

"పాపా, వహాఁ లోగ్ సచ్‌ముచ్ ఫ్రెంచ్ బోల్తే హైఁ క్యా?"

అక్కడివాళ్లు నిజంగానే ఫ్రెంచి మాట్లాడతారా అని మా అమ్మాయి అడిగింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. దసరా సెలవుల ప్రయాణం గురించి మా ఇంట్లో ఏనాడూ చర్చ ఉండదు. దుర్గ్‌లో బండెక్కుతాం, పార్వతీపురంలో దిగుతాం, పెదనాన్న గారింట్లో నాలుగు రోజులుండి తిరిగొస్తాం. ఈసారి, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన పుదుచ్చేరి నాలుగు ముక్కలుగా ఉందనీ, అందులో ఒకటైన యానాం తెలుగు నేల మధ్యలో ఉందనీ దాని పుస్తకంలో కనబడింది. ఆ ఫ్రెంచి ఊరు చూడాల్సిందేనని పట్టుబట్టింది.

"ఏటుందే అక్కడ?" అన్నారు మా నాన్న, చదువుతున్న పేపరు మడిచి. "పెట్రోలు చవకని కొందరు ఎల్తారు, మందు చవకని కొందరు ఎల్తారు. మనకెందుకు?"

ఆయన మాట తీసెయ్యలేను. భిలాయి నుంచి యానాం వెళ్లి రావాలంటే రానూ పోనూ రెండు రోజులు దారిలోనే పోతాయి. అంత దూరం వెళ్లి, చూసింది ఇంతేనా అనుకోవాల్సి వస్తే ఇంటిల్లిపాదికీ కష్టమే. అందుకని సెలవులకు ముందు ఓ పది రోజులు దొరికిందల్లా చదివాను. బొల్లోజు బాబా రాసిన 'ఫ్రెంచి పాలనలో యానాం' అనే పుస్తకం ఉంది. దాట్ల దేవదానం రాజు గారి 'యానాం కథలు' ఉన్నాయి. కవి శిఖామణిది ఆ ఊరే. ఇంత చిన్న చోటు ఇందరు రాసేవాళ్లను కన్నదంటే, పెట్రోలు బంకులను మించినదేదో అక్కడ ఉండాలనిపించింది.

నిజానికి పరాయి భాష నడిచిన ఊరంటే ఏమిటో భిలాయి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1955 ఫిబ్రవరిలో మా ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందమైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వరి పండే పల్లెల మధ్య ప్లాంటు లేచింది, దాని పక్కన సెక్టార్లు లేచాయి, ఆ సెక్టార్లలో రష్యన్ ఇంజనీర్లు సంసారాలతో కాపురమున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి మనవాళ్లు రాయగడ మీదుగా రైళ్లలో వచ్చి కొలువుల్లో చేరారు. మా నాన్న 1969లో వచ్చారు. డ్రాయింగుల మీద రాతంతా రష్యన్. భాష రాకపోయినా అక్షరాలు నేర్చుకున్నారు, ఎందుకంటే ఏ బోల్టు ఏ చోటిదో తెలియాలి. ఇప్పటికీ పప్పులో తాలింపు బాగా కుదిరితే "హరషో" అంటారు. బాగుంది అని. రష్యన్లు వెళ్లిపోయారు. స్నేహానికి గుర్తుగా వేసిన మైత్రీబాగ్ తోట ఉంది, మా ఇంట్లో ఈ హరషో ఉంది.

యానాంలో ఫ్రెంచి కూడా ఇలా ఒకటి రెండు మాటలుగానే మిగిలి ఉంటుందని ఊహించుకున్నాను. చదివిన కొద్దీ తెలిసింది, అక్కడ జరిగింది ఇంకా పెద్ద కథ.

మ్యాపులో యానాం వేలిగోరంత. 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 55 వేల పైచిలుకు జనం. గౌతమి గోదావరి ఒడ్డున, కోరంగి పాయ విడిపోయే చోట ఉంటుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. తనను పాలించే పుదుచ్చేరి మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఫ్రెంచివాళ్లు 1723లో వచ్చారు. వ్యాపారం సాగక 1727లో వదిలేశారు. 1731లో మళ్లీ వచ్చారు. వాళ్లను రప్పించింది గోదావరి డెల్టా నేతగాళ్ల గుడ్డ. ఒక్క ఫ్రెంచివాళ్లే కాదు, పక్కనే ఇంజరంలోనూ నీలపల్లిలోనూ ఇంగ్లీషువాళ్లు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు దుకాణాలు తెరిచారు. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాంను ఆక్రమించడం, సంధి కుదరగానే తిరిగి ఇచ్చెయ్యడం. ఆ తతంగం 1817 దాకా నడిచింది. ఆ తర్వాత 1954 వరకూ ఫ్రెంచి జెండాయే.

నన్ను పట్టి కూర్చోబెట్టినవి ఈ తేదీలు కావు. ఊరి చుట్టూ గీసిన సరిహద్దు గీత మనుషుల బతుకుల్ని ఏం చేసిందన్నదే. గీతకు అటూ ఇటూ ఉన్నది ఒకే జనం, ఒకే మాట, ఒకే కులాలు, ఒకే చేపల పులుసు. కానీ గీత దాటితే చట్టం మారిపోయేది. సుంకం లేని విదేశీ సరుకు కోసం మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చి, పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చెయ్యకూడదంది. ఆ చట్టం యానాంలో చెల్లదు. దాంతో పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చి ఇక్కడ తాళి కట్టించి తీసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. ఎంత అందమైన పేరో, ఆ పేరు వెనక ఎందరు పసివాళ్ల బతుకులు నలిగాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అదే గీత లోపల ఇంకో సంగతీ ఉంది. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని ఎన్నుకుని పంపేది. 1880లో మున్సిపాలిటీ వచ్చింది. గీత అవతల మన తాతలు ఓటు మాట విననైనా వినని కాలమది. ఒకే గీత ఒక చేత్తో ఓటిచ్చింది, ఇంకో చేత్తో పసిపిల్లల మెడలో పసుపుతాడు కట్టనిచ్చింది.

1947 ఆగస్టు 15న పక్కనున్న నీలపల్లికి స్వాతంత్ర్యం వచ్చింది. యానాంకు రాలేదు. ఏడేళ్లు ఆగాల్సి వచ్చింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం ఊళ్లోకి వెళ్లి భారత జెండా ఎగరేశారు. ఆయన ఈ యానాం బిడ్డే, ఫరంపేట వాడు, పాండిచ్చేరిలో ఫ్రెంచి పోలీసు ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చినవాడు. ఆ నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. 1956లో ఒప్పందం రాసుకున్నారు. కాగితాల మీద పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16న గానీ జరగలేదు. మా వైపు పిల్లల పాఠ్యపుస్తకాల్లో రమణయ్య పేరుండదు. ఉండాలి.

ఇదంతా భోజనాల దగ్గర చెప్పుకొస్తే, నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "సరే, ఎల్దాం" అన్నారు.

ఇప్పుడు దుర్గ్ నుంచి విశాఖకు వందేభారత్ ఉంది. తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి చేరుస్తుంది. పార్వతీపురం స్టేషన్ రాగానే అలవాటు కొద్దీ నాన్న లేచి నిలబడ్డారు. కూర్చోబెట్టాం. విశాఖలో బండి మారి సామర్లకోట, అక్కణ్ణుంచి కాకినాడ. మర్నాడు పొద్దున్నే యానాం బస్సు. ముప్పై కిలోమీటర్ల లోపే. చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు.

కోరంగి దగ్గర ఓ మాట చెప్పాలి. ఈనాడు అక్కడికి అందరూ మడ అడవులు చూడ్డానికి వెళ్తారు, చెక్కల బాట మీద నడుస్తారు. తప్పకుండా వెళ్లాలి. కానీ ఒకప్పుడు ఇది పెద్ద రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లందర్నీ అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారంటే, ఎంతమంది ఈ నీళ్ల మీదుగా పోయి ఉంటారో చూడండి. 1839 నవంబరు తుపాను ఈ రేవునూ యానాంనూ తుడిచిపెట్టింది. రేవు మళ్లీ కోలుకోలేదు.

యానాం సరిహద్దు దాటడం మాకు తెలియలేదు. బోర్డు చదివేలోపే ఊరు వచ్చేసింది. పాండిచ్చేరి ఫొటోల్లో చూసినట్టు పసుపు గోడలు, తెల్లటి వంపులు, కాగితపూల కొమ్మలు ఉంటాయని మా అమ్మాయి అనుకుంది. ఆ వీధులు ఇక్కడ లేవు. ముందే చెప్పేస్తున్నాను, అవి కావాలనుకునే వాళ్లు పాండిచ్చేరికే వెళ్లాలి. ఇక్కడ 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, ఐరోపా పోలికలతో, ప్రశాంతంగా. వెంకటేశ్వరస్వామికి మీసాలున్న గుడి ఉంది. మీసాల వెంకన్న అంటారు. నూరు మీటర్ల ఎత్తున ఒబెలిస్క్ టవర్ ఉంది. ఫ్రెంచివాళ్లు కట్టిందనుకునేరు, అది మన కాలపు కట్టడం. వీటన్నిటికీ ఓ పూట చాలు.

అసలు చూడాల్సింది గోదావరి. ఇక్కడికొచ్చేసరికి అది నదిలా ఉండదు, సముద్రానికి తోబుట్టువులా ఉంటుంది. బాలయోగి వారధి దాటితే ఎదుర్లంక, కోనసీమ. వంతెన లేని రోజుల్లో మనుషులూ బళ్లూ పంటు మీదే దాటేవాళ్లు. ఒడ్డున కూర్చుంటే గంటలు తెలియవు. వరదనీరు వచ్చే ఆషాఢ శ్రావణాల్లో అయితే పులస చేపల వేలం చూడొచ్చు, మత్స్యకార స్త్రీలు వేలల్లో పాడుతుంటారు. మేం వెళ్లేసరికి కాలం దాటిపోయింది.

నాన్న చూపు మాత్రం వేరే చోటుంది. 2012 జనవరిలో ఇక్కడి టైల్స్ కర్మాగారంలో గొడవ ముదిరి, ఒక్క రోజులో ఇటు కార్మిక నాయకుడూ అటు కంపెనీ అధ్యక్షుడూ ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ సైరన్‌తో గడియారం సరిచేసుకుంటూ బతికిన మనిషికి అది ఓ కబురులా వినబడదు. "ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోయుంటాదో" అన్నారు.

మరి ఫ్రెంచి? టిఫిన్ హోటల్లో మా అమ్మాయే అడిగింది. హిందీలో మొదలుపెట్టి ఆగిపోయి, మాటలు వెతుక్కుంటూ తెలుగులో అడిగింది. ఇడ్లీ ప్లేటు పెడుతున్నాయన నవ్వి, "ఫ్రెంచి లేదమ్మా, ఇక్కడంతా తెలుగేనండి" అన్నాడు. ఒక్క వాక్యంలో అమ్మా, అండీ రెండూ పెట్టేశాడు. గోదావరి మర్యాద.

ఆ మాట నాలో ఉండిపోయింది. 1956 ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని రాశారు. 1965 నాటి భాషా చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. కానీ చట్టాలు రాకముందే, రెండు వందల ఏళ్లు ఫ్రెంచి దొరతనం నడిచినా, సంతలో, పడవలో, పెళ్లిపందిట్లో ఈ ఊరు తెలుగే మాట్లాడింది. మా భిలాయిలో ఎవరి దొరతనమూ లేదు. ఎవరూ మమ్మల్ని తెలుగు మానమని అనలేదు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, ఉగాదికి అందరం పచ్చడి పంచుకుంటాం. అయినా రెండు తరాలు తిరిగేసరికి మా ఇంట్లో పిల్ల తెలుగు చదవలేదు. ఆ తప్పు బడిది కాదు, హిందీది అసలే కాదు. మేం ఇంట్లో తేలిగ్గా ఉంటుందని హిందీలోకి జారిపోయాం. యానాం చూడకపోతే ఈ విషయం నాకు ఇంత సూటిగా తగిలేది కాదు.

ఫ్రెంచి మాట్లాడే తెలుగువాళ్లు ఎక్కడున్నారంటే, ఈ ఒడ్డు విడిచి పోయినవాళ్లలో ఉన్నారు. 1820ల చివర్లో చెరకు తోటల కూలికి యానాం నుంచి తెలుగువాళ్లను ఓడలెక్కించి ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు తీసుకుపోయారు. ఆ దీవికి వెళ్లిన తొలి ఒప్పంద కూలీలు వాళ్లే. తర్వాత కోరంగి వైపు నుంచి మారిషస్‌కు వెళ్లారు. అక్కడి మనవాళ్లు ఇళ్లలో క్రియోల్, ఫ్రెంచి మాట్లాడుకుంటారు, అయినా ఉగాదికి దేశమంతా సెలవు తెచ్చుకున్నారు. కూలికోసం ఓడెక్కిన వాళ్ల గురించి చెబుతుంటే నాన్న అన్నారు, "మేం రైలెక్కాం, అంతే తేడా. మాకు తిరుగు టిక్కెట్ దొరికీది."

కాబట్టి అడిగినవాళ్లకు నేనిచ్చే జవాబు ఇది. భిలాయి నుంచి ఒక్క యానాం కోసమే బయల్దేరకండి. ఊరెళ్లే దారికి రెండు రోజులు కలుపుకుని వెళ్లండి. కోరంగికి ఓ పూట, యానాంకు ఓ రోజు. వెళ్లేముందు దేవదానం రాజు కథలు నాలుగైనా చదవండి, లేదంటే అది పక్క ఊళ్లలాగే కనబడుతుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. పెద్దవాళ్లు నడవగలిగితే వాళ్లనూ.

తిరుగు ప్రయాణంలో, రాయగడ దాటాక, అమ్మాయి తాత పక్కన చేరింది. "తాతా, రష్యన్‌లో యానాం ఎలా రాస్తారు?" తెలుగులోనే అడిగింది. నాన్న జేబులోంచి పెన్ను తీసి, పేపరు అంచున రాశారు. తిరగేసిన ఆర్ లాంటి అక్షరం ఒకటి, దాని పక్కన ఇంకో మూడు. అంతే, నాలుగక్షరాలు. తర్వాత పెన్ను దాని చేతికిచ్చి, "ఇప్పుడు మనదాంట్లో రాయి" అన్నారు. అది కింద పెదవి కొరుక్కుంటూ చాలాసేపు రాసింది. 'యనం' అని వచ్చింది. నాన్న రెండు దీర్ఘాలు పెట్టి, కాగితం దాని వైపు తిప్పి, "హరషో" అన్నారు.