యుగంధర్ పరిగెత్తించాడు, కానీ...

కొమ్మూరి సాంబశివరావు పేరు మీ తాతయ్యనడగండి, కళ్లు మెరుస్తాయి. నాకు మాత్రం కొత్త. 1950ల్లో మొదలైన ఆయన డిటెక్టివ్ నవలల్లో హీరో యుగంధర్, అసిస్టెంటు రాజు. అడ్డా మద్రాసు.

ఏలూరులో బస్సెక్కి ఒకటి తెరిచా. గుండుగొలనులో దిగాల్సిన దాన్ని, కండక్టర్ కేకేస్తే గానీ లేవలేదు! వర్ణనల్లేవు, అన్నీ చిన్న చిన్న మాటలే. రీల్స్‌కి అలవాటైన వేళ్లు కూడా పేజీలు తిప్పేస్తాయి.

కానీ చివర్లో మూడ్ పోయింది. యుగంధర్ కంటపడ్డ ఆధారం మనకి ముందే చూపించొద్దూ? అన్నీ దాచి, ఆఖర్న అందర్నీ కూర్చోబెట్టి చెప్పేస్తే మనం ఊహించేదేముంది? హంతకుడు దొరికినా నాకు ఆట ఆడినట్టు లేదు.

అయినా రెండోది వెతుకుతున్నా. ఈసారి అనుమానం వచ్చిన ప్రతి పేరూ ఫోన్‌లో నోట్ చేసుకుంటా.