కాలేయపు మార్పిడియు, మందులకు లొంగని సూక్ష్మజీవులును

మానవశరీరములోని అంతరవయవములలో కాలేయము మిక్కిలి పెద్దది. అది పూర్తిగా చెడినచో చిరకాలము దానికి బదులుగా పనిచేయు యంత్రము లేదు. కావున మరియొకరి కాలేయమునుగాని, అందలి భాగమునుగాని అమర్చవలయును. 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ అను వైద్యుడు ఈ శస్త్రచికిత్సను మనుష్యునికి మొట్టమొదట చేసెను. ఆ రోగి బ్రతుకలేదు. 1967లో గాని ఆయనకు జయము కలుగలేదు. మనదేశమున 1998లో ఢిల్లీయందు ఇది సఫలమయ్యెను.

శస్త్రచికిత్స ముగిసినంతమాత్రమున గండము గడచినట్లు కాదు. శరీరము పరుని అవయవమును శత్రువుగా నెంచి నాశనము చేయజూచును. దాని నాపుటకై టాక్రోలిమస్ వంటి మందులిచ్చి, రోగియొక్క రక్షణశక్తిని వైద్యులు బుద్ధిపూర్వకముగా తగ్గింతురు. కోట కావలివారిని నిద్రపుచ్చుటవంటిదే యిది. మరియు క్రొత్త కాలేయపు పిత్తనాళమును రోగి పిత్తనాళముతోనో ప్రేగుతోనో అతుకవలయును. ప్రేగులలో కోట్లకొలది బాక్టీరియాలు నివసించును. అతుకునుండి పిత్తము కారినను, నాళము సన్నగిలి పిత్తము నిలిచినను అవి విజృంభించును. ఊపిరికొరకును, మూత్రముకొరకును, రక్తనాళములందును అమర్చు గొట్టములు కూడ వానికి ద్వారములే.

ఇట్టి సమయమున యాంటీబయాటిక్ మందులే రోగికి డాలు. ఈ మందుల చరిత్రలో తెలుగువారికిని పాలు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు అధ్యక్షులై యుండగా, అచ్చటి డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెలువడెను. తరువాతికాలమున అనేక బాక్టీరియాలు ఆ జాతి మందులకు లొంగకపోయెను.

ఏలయనగా, అసంఖ్యాకములగు బాక్టీరియాలలో మందును తాళగలది ఏదో యొకటి పుట్టుచుండును. మందు తక్కినవానిని చంపగా, అది యొక్కటే మిగిలి వృద్ధిపొందును. అనుకూలస్థితిలో కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషములకే ఒకటి రెండగును. అంతేకాక, ఆ శక్తిగల జన్యువులను పొరుగు బాక్టీరియాలకు సైతము పంచిపెట్టును. కడపటి అస్త్రములుగా దాచుకొను కార్బపెనెమ్ మందులను గూడ నేడు క్లెబ్సియెల్లా బాక్టీరియాలలో కొన్ని విరుగగొట్టుచున్నవి. అట్టివి సోకినచో, చక్కగా అమరిన కాలేయముగల రోగియు మరణింపవచ్చును. చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను మొండివానిగా జేయునని పెనిసిలిన్ కనుగొనిన ఫ్లెమింగు 1945లోనే, నోబెల్ బహుమాన ప్రసంగమున, హెచ్చరించెను.

ప్రియ విద్యార్థులారా, ఇది ఆసుపత్రులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. జలుబు వైరసువలన కలుగును. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినను అంగడిలో అడిగి కొని మ్రింగినచో, మన ప్రేగులలోని బాక్టీరియాలు ఆ మందునకు అలవాటుపడును. అవియే చేతులవెంట, నీటివెంట ప్రయాణము చేసి, రక్షణలేని రోగి మంచమును చేరవచ్చును. తలిదండ్రులకును మా మనవి యొక్కటే: వైద్యుడు వ్రాయనిదే ఈ మందులు కొనకుడు, ఆయన చెప్పిన మోతాదును, దినములను తప్పకుడు, మిగిలిన బిళ్లలను మరియొకరి కియ్యకుడు. రోగిని చూడబోవునప్పుడు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. ఎన్నడును చూడని పొరుగువానికి మనము చేయగల ఉపకార మిదియే.