మీకు తెలుసా? మనిషిలా నటించే ప్రోగ్రాము

పాత కమాండ్‌లైన్ ప్రోగ్రాములు చాలావరకు ఎదురుగా మనిషి కూర్చున్నాడనే నమ్మకంతో రాసినవి. ‘పాస్‌వర్డ్:’ అని అడుగుతాయి, టైపు చేసేదాకా కదలవు. జవాబులన్నీ ముందే ఫైల్లో రాసి అందిద్దామంటే కుదరదు. యూనిక్స్‌లో పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాములు చాలావరకు ఆ ఫైలును పట్టించుకోకుండా నేరుగా టెర్మినల్ నుంచే చదివేవి.

ఈ చిక్కు విప్పడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసిన డాన్ లైబ్స్ ‘ఎక్స్‌పెక్ట్’ అనే ప్రోగ్రాము తయారుచేసి 1990లో వెల్లడించారు. కిటుకంతా ఉత్తుత్తి టెర్మినల్‌లో ఉంది. పాత ప్రోగ్రాము తనముందు నిజమైన తెర, కీబోర్డు ఉన్నాయనుకుంటుంది. అవతల ఎక్స్‌పెక్ట్ వచ్చే ప్రతి అక్షరాన్నీ గమనిస్తూ, అనుకున్న మాట కనబడగానే తగిన జవాబు పంపుతుంది. పాత ప్రోగ్రాము కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.

ఇంకో లాభమూ ఉంది. ఒక ప్రోగ్రాము రాసింది మరోదానికి అందించే మామూలు పైపులోకి రాసేటప్పుడు చాలా ప్రోగ్రాములు అక్షరాలను వేల బైట్ల మూటలుగా కట్టి ఒకేసారి వదులుతాయి. దాంతో అవతల గమనిస్తున్న ప్రోగ్రాముకు కబురు ఆలస్యంగా అందుతుంది. టెర్మినల్ అనుకుంటే మాత్రం ఏ లైనుకా లైను బయటపెడతాయి.

ఎక్స్‌పెక్ట్ ఇప్పటికీ వాడుకలో ఉంది: జీసీసీ కంపైలర్ పరీక్షలు నేటికీ నడిచేది దాని మీద కట్టిన డెజాగ్నూ అనే పరీక్షా సాధనంతోనే.

వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎదురుచూసిన మాట రాకపోతే ఎక్స్‌పెక్ట్ మామూలుగా 10 సెకన్లే ఆగుతుంది. తర్వాత తప్పని చెప్పదు, చడీచప్పుడు లేకుండా తరువాతి ఆదేశానికి వెళ్లిపోతుంది. అందుకే గడువు దాటితే ఏం చేయాలో స్క్రిప్టులో తప్పకుండా రాసుకోండి.