ఇంటికి కలర్ లేజర్ ప్రింటర్: మిషన్ ధర కాదు, టోనర్ లెక్క చూడండి

పరీక్షల సీజన్ వచ్చిందంటే కర్నూలు పాతబస్తీలోనైనా, కడప ఏడు రోడ్ల దగ్గరైనా జిరాక్స్ షాపుల ముందు జనమే జనం. పిల్లల ప్రాజెక్టులు, హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, ఆధార్ కాపీలు, హజ్ దరఖాస్తుకు పెట్టాల్సిన కాగితాలు... ప్రతిదానికీ ప్రింట్ కావాల్సిందే. ఎండలో రెండు సార్లు తిరిగాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే: "ఇంట్లోనే ఒక కలర్ ప్రింటర్ పెట్టుకుంటే పోదా?"

ఈ ఆలోచన చదువుకునే పిల్లలున్న ఇళ్లకే పరిమితం కాలేదు. ఇంట్లో ట్యూషన్ చెప్పే ఆడవాళ్లు, డీటీపీ నేర్చుకుని పెళ్లి రుఖాలు టైప్ చేసి ఇచ్చేవాళ్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాళ్లు కూడా కలర్ లేజర్ వైపు చూస్తున్నారు. ఇరవై ముప్పై వేలు పెట్టి కొన్నాక, ఆరు నెలలకు టోనర్ అయిపోయినప్పుడు అసలు విషయం తెలుస్తుంది. నాలుగు టోనర్ల ధర కలిపితే కొన్నిసార్లు మిషన్ ధరకు దగ్గరగా వస్తుంది. అందుకే కొనే ముందే లెక్క వేసుకోవాలి.

లేజర్ ఎలా పనిచేస్తుంది?

మనం కాపీని "జిరాక్స్" అంటాం కదా, లేజర్ ప్రింటర్ ఆ జిరాక్స్‌కు పుట్టిన బిడ్డే. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ ద్రవ సిరా లేకుండా, పొడితో కాపీ తీసే పద్ధతి కనిపెట్టారు. గ్రీకు భాషలో "జీరోస్" అంటే పొడి. ఆ మాట నుంచే జిరోగ్రఫీ, దాని నుంచి జిరాక్స్ కంపెనీ పేరు వచ్చాయి. ఆ కంపెనీలోనే పనిచేసిన ఇంజినీర్ గ్యారీ స్టార్క్‌వెదర్ అదే పద్ధతికి లేజర్ కాంతిని జోడించారు. 1977లో జిరాక్స్ 9700 అనే పెద్ద లేజర్ ప్రింటర్ మార్కెట్లోకి వచ్చింది.

పని తీరు సులభంగానే అర్థమవుతుంది. లోపల డ్రమ్ అనే గొట్టం ఉంటుంది. దానికి విద్యుదావేశం ఎక్కిస్తారు. అక్షరం పడాల్సిన చోట లేజర్ తగిలి ఆ ఆవేశం మారుతుంది. ఆ చోటే టోనర్ పొడి అంటుకుంటుంది. అక్కడి నుంచి కాగితం మీదికి వస్తుంది. చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడితో పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. కలర్ మిషన్‌లో సయాన్, మజెంటా, పసుపు, నలుపు అని నాలుగు పొడులు ఉంటాయి. మిగతా రంగులన్నీ వీటి కలయికే.

సీమ ఎండలకు లేజర్ ఎందుకు నయం?

ఇంక్ ప్రింటర్‌లో ఉండేది ద్రవం. వేసవి సెలవులకు నెల రోజులు ఊరెళ్లి వస్తే, కర్నూలు ఎండకు నాజిల్‌లో ఇంకు ఎండిపోయి గీతలు గీతలుగా ప్రింట్ వస్తుంది. వారానికి ఒక కలర్ పేజీ అయినా తీస్తుంటేనే అది బాగుంటుంది. లేజర్‌లో ఉండేది పొడి కాబట్టి రెండు నెలలు ముట్టుకోకపోయినా ఎండిపోయే భయం లేదు. నీటి చుక్క పడినా అక్షరం చెదరదు. అప్లికేషన్లు, సర్టిఫికెట్ కాపీలకు ఇది పెద్ద లాభం.

ఉర్దూ రాతకు ఇంకో లాభం ఉంది. నస్తాలీఖ్ లిపిలో నుఖ్తాలు చాలా చిన్నవి. ఒక్క నుఖ్తా కలిసిపోతే మాటే మారిపోతుంది. మామూలు కాగితం మీద ఇంకు కొంచెం పాకుతుంది, 600 డీపీఐ లేజర్‌లో చుక్క చుక్కగానే నిలుస్తుంది. తెలుగు వత్తులకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చారు. డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ కర్నూలులోనే ఉంది. ఉర్దూలో నోట్సు, దరఖాస్తులు ప్రింట్ తీసే ఇళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. ఒక్క జాగ్రత్త: ఉర్దూ ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చుకుని ప్రింట్ ఇవ్వాలి. లేకపోతే ఫాంట్ లేని కంప్యూటర్‌లో నస్తాలీఖ్ కాస్తా వేరే లిపిలా కనిపిస్తుంది.

అసలు హిసాబ్ ఇక్కడుంది

టోనర్ డబ్బా మీద "1000 పేజీలు" అని ఉంటుంది. అది ఎలాంటి పేజీ? కలర్ మిషన్లకు ఐఎస్ఓ 19798 అనే అంతర్జాతీయ కొలత ఉంది. అందులో వాడే పేజీల్లో ఒక్కో రంగు సగటున కాగితంలో సుమారు 5 శాతమే కప్పుతుంది. అంటే అది పోస్టర్ లాంటి పేజీ కాదు.

లెక్క కోసం రెండు మిషన్లు తీసుకుందాం. ధరలు ఊహించి వేసినవే, మీరు చూసే మోడల్ అంకెలు వీటి స్థానంలో పెట్టుకోండి.

మొదటిది 25,000 రూపాయల మిషన్. నలుపు టోనర్ 4,000 రూపాయలు, 1000 పేజీలు. అంటే పేజీకి 4 రూపాయలు. కలర్ టోనర్ ఒక్కోటి 4,200 రూపాయలు, 700 పేజీలు. అంటే రంగుకు 6 రూపాయలు. మూడు రంగులకు 18, నలుపుకు 4, కలిపితే కలర్ పేజీకి 22 రూపాయలు.

రెండోది 38,000 రూపాయల మిషన్. నలుపు టోనర్ 6,000 రూపాయలు, 3000 పేజీలు. పేజీకి 2 రూపాయలు. కలర్ ఒక్కోటి 6,900 రూపాయలు, 2300 పేజీలు. రంగుకు 3 రూపాయలు. కలర్ పేజీకి 11 రూపాయలు.

నెలకు 200 నలుపు, 50 కలర్ పేజీలు తీసే ఇంట్లో మొదటి మిషన్‌కు టోనర్ ఖర్చు 1,900 రూపాయలు. రెండోదానికి 950. నెలకు 950 మిగులుతుంది. మిషన్ ధరలో తేడా 13,000. సుమారు 14 నెలల్లో ఆ తేడా తిరిగి వచ్చేస్తుంది. ఆ తర్వాత ప్రతి నెలా మిగులే. చౌక మిషన్ చౌక కాదనేది ఇందుకే.

నెలకు 60 నలుపు, 10 కలర్ పేజీలే తీసే ఇల్లయితే? షాపులో నలుపు 2, కలర్ 10 రూపాయలు అనుకుంటే నెలకు 220 రూపాయలు. మొదటి మిషన్‌తో టోనరే 460 అవుతుంది, రెండోదానితో 230. మిషన్ పెట్టుబడి, కాగితం, కరెంటు అదనం. డబ్బు మిగలాలని మాత్రమే కొనేవాళ్లకు ఇక్కడ లాభం లేదు. టైమ్ కలిసి రావాలి, రాత్రి పదకొండుకు పిల్లాడు "రేపే ప్రాజెక్ట్ ఇవ్వాలి" అన్నప్పుడు పని జరగాలి అనుకుంటే అది వేరే లెక్క.

ఇంటి నుంచి సంపాదించాలనుకునేవాళ్లకు

నష్టపోయేది ఎక్కువగా వీళ్లే. పక్క షాపులో కలర్ పేజీ 10 రూపాయలని మీరూ పదికే ఇస్తే, మొదటి మిషన్ మీద ప్రతి పేజీకీ 12 రూపాయలు చేతి నుంచి పోతాయి. గిరాకీ పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. గల్లాలో డబ్బు కనిపిస్తుంది కాబట్టి టోనర్ అయిపోయే దాకా ఈ సంగతి తెలియదు.

రంజాన్ ముందు సహరీ, ఇఫ్తార్ టైమ్ టేబుళ్ల సంగతి చూడండి. కాగితమంతా పచ్చ రంగు, మధ్యలో గుంబద్ బొమ్మ. పచ్చ అంటే సయాన్, పసుపు కలయిక. ఆ రెండు రంగులూ కాగితంలో 50 శాతం కప్పితే, డబ్బా మీది లెక్కకు పది రెట్లు పొడి ఖర్చవుతుంది. మొదటి మిషన్‌లో సయాన్ 60 రూపాయలు, పసుపు 60 రూపాయలు. ఒక్క కాగితానికి 120 రూపాయలు! అదే టైమ్ టేబుల్‌ను తెల్ల కాగితం మీద పచ్చ అక్షరాలు, సన్నని అంచుతో డిజైన్ చేస్తే ఖర్చు చాలా వరకు దిగిపోతుంది. వందల కాపీలు కావాలంటే ఆఫ్‌సెట్ ప్రెస్‌కు ఇవ్వడమే మేలు. పెళ్లి రుఖాలకూ అంతే. ఇంటి ప్రింటర్ నమూనా చూపించడానికి, పది ఇరవై కాపీలకు సరిపోతుంది.

బయటివాళ్లకు ఎక్కువగా నలుపు పేజీలే ఇచ్చేవాళ్లు నలుపు లేజర్ ఒకటి, కలర్ కోసం ఇంక్ ట్యాంక్ ఒకటి పెట్టుకుంటే చాలాసార్లు ఖర్చు తగ్గుతుంది. ఇంక్ ట్యాంక్‌లో పేజీకి రంగు ఖర్చు లేజర్ కంటే బాగా తక్కువ. రోజూ పని ఉంటే ఇంకు ఎండిపోయే సమస్య కూడా రాదు.

షాపులో అడగాల్సిన ప్రశ్నలు

ఒకటి, మిషన్‌తో వచ్చే టోనర్ పూర్తిదా, స్టార్టరా? చాలా మోడళ్లలో డబ్బాతో వచ్చే టోనర్‌లో పొడి తక్కువ ఉంటుంది.

రెండు, డ్రమ్ టోనర్‌తో కలిసి వస్తుందా, వేరుగా కొనాలా? వేరుగా ఉంటే దాని ధర, ఎన్ని పేజీలు వస్తుందో కూడా లెక్కలో వేసుకోవాలి.

మూడు, ఒక రంగు అయిపోతే నలుపు ప్రింట్ అయినా వస్తుందా? కొన్ని మిషన్లు పసుపు అయిపోయినా పని ఆపేస్తాయి.

నాలుగు, కలర్ వేగం ఎంత? కొన్ని చిన్న మోడళ్లలో నలుపు నిమిషానికి 18 పేజీలు వస్తే, కలర్ 4 పేజీలే వస్తుంది. అందులో ఒక్కో రంగూ విడిగా పడాలి మరి.

ఐదు, రెండు వైపులా తనంతట తానే తీస్తుందా? వైఫై ఉందా? స్కానర్, కాపీ ఉన్నాయా? ఇంటి అవసరానికి స్కానర్ లేని మిషన్ సగం మిషనే.

ఆరు, వేరే కంపెనీ టోనర్ వేస్తే చిప్ ఒప్పుకుంటుందా? ఇవాళ ఒప్పుకున్నది రేపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఒప్పుకోకపోవచ్చు. రీఫిల్ పొడి కారి మిషన్ పాడైతే వారంటీ మీద కూడా పేచీ వస్తుంది.

ఏడు, సర్వీస్ ఎక్కడ? మన పిన్‌కోడ్‌కు మెకానిక్ ఇంటికి వస్తాడా లేదా బిల్లు వేయించుకునే ముందే కంపెనీ టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసి అడగాలి. పదిహేను ఇరవై కిలోల బరువును హైదరాబాద్ బస్సెక్కించడం మాటలు కాదు.

"నో కాస్ట్ ఈఎంఐ" సంగతి

నో కాస్ట్ అని రాసి ఉన్నా చాలా పథకాల్లో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ మేరకు అమ్మేవాళ్లు ధరలో తగ్గింపు చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ కొనేవాళ్ల మీదే పడతాయి. కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ అనే పద్దు కనిపిస్తుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు పేరు చూసి కాకుండా ఈ పద్దు చూసి నిర్ణయం తీసుకోవాలి. తెలిసిన ఆలిమ్‌ను ముందే అడిగితే ఇంకా మంచిది.

కరెంటు, దుమ్ము, వేడి

ఫ్యూజర్ వేడెక్కే క్షణాల్లో లేజర్ ప్రింటర్ 800 నుంచి 1000 వాట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ లాగుతుంది. కంప్యూటర్‌కు పెట్టే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. దానికి లేజర్ తగిలిస్తే యూపీఎస్ ట్రిప్ అవుతుంది, లేదా పాడవుతుంది. ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్‌కే నేరుగా పెట్టాలి. ఇంటి ఇన్వర్టర్ మీద కూడా వాడకూడదు. కరెంటు పోయినప్పుడు ప్రింట్ రాదని ముందే మనసులో పెట్టుకోవాలి.

మిషన్ పనిచేయడానికి కంపెనీలు సాధారణంగా చెప్పే వేడి 10 నుంచి 30, 32 డిగ్రీల వరకు. మన దగ్గర మేలో బయట 40 దాటుతుంది. కాబట్టి రేకుల గదిలో, మిద్దె మీది గదిలో, కిటికీ ఎండ పడే చోట పెట్టొద్దు. మధ్యాహ్నం కాకుండా ఉదయం, రాత్రి పని చూసుకోవాలి. కొత్త టోనర్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పొడి గడ్డకట్టే ప్రమాదం ఉంది.

బేతంచర్ల నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉండే ఇళ్లకు దుమ్మే పెద్ద శత్రువు. పని అయ్యాక మిషన్ చల్లారనిచ్చి గుడ్డ కప్పాలి. వేడిగా ఉండగానే కప్పకూడదు. కదిలే చెక్క బల్ల కంటే గోడకు దిగ్గొట్టిన కడప బండ అరమరే దీని బరువుకు సరైన చోటు. గాలి ఆడే గదిలో పెట్టాలి, పసిపిల్లలు పడుకునే గదిలో వద్దు. పొడి ఒలికితే తడి గుడ్డతో తుడవాలి, చేతులు చన్నీళ్లతో కడుక్కోవాలి. వేడి నీళ్లు తగిలితే పొడి కరిగి అంటుకుంటుంది.

ఎండాకాలం పొడి గాలికి కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి పోతాయి. ట్రేలో పెట్టే ముందు కట్టను విసనకర్రలా విప్పి దులపాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఇంక్ ప్రింటర్ కోసం అమ్మే గ్లాసీ ఫొటో పేపర్‌ను లేజర్‌లో పెట్టొద్దు. ఫ్యూజర్ వేడికి దాని పూత కరిగి రోలర్‌కు అంటుకుంటే రిపేరుకు వేలు అవుతాయి. పాస్‌పోర్ట్ ఫొటోలు లేజర్ పని కాదు, వాటిని స్టూడియోకే వదిలేయాలి.

చివరికి ఎవరు కొనాలి?

నెలలో నాలుగు కలర్ పేజీలు తీసే ఇంటికి ఇది అవసరం లేదు, వీధి చివరి షాపే చాలు. నలుపు ఎక్కువ, కలర్ అప్పుడప్పుడు అయితే నలుపు లేజర్ కొని, కలర్ బయట తీయించుకోవచ్చు. రోజూ రంగు పేజీలు, బొమ్మలు తీసేవాళ్లకు ఇంక్ ట్యాంక్. నెలకు రెండు మూడు వందల పేజీలు ఉండి, అందులో కలర్ కూడా ఉండి, మధ్యలో వారాల తరబడి మిషన్ ఖాళీగా ఉండే ఇంటికి, నీళ్లకు చెదరని శుభ్రమైన అక్షరం కావాలనుకునేవాళ్లకు కలర్ లేజర్ సరైనది. అదీ పెద్ద టోనర్ పట్టే మోడల్ అయితేనే.

షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకుంటే సరిపోతుంది: నెలకు ఎన్ని నలుపు పేజీలు, ఎన్ని కలర్ పేజీలు, టోనర్ ధరను దాని పేజీలతో భాగిస్తే వచ్చే ఖర్చు. ఆ కాగితం చేతిలో ఉంటే అమ్మేవాళ్ల మాట కాదు, మీ హిసాబే మిషన్‌ను ఎంచుతుంది.