విలువ ఆపాదన – మినహాయింపుల నిర్వహణ

ఒక చలరాశికి విలువ ఇవ్వడాన్ని ఆపాదన అంటారు. పైథాన్‌లో దీనికి సమాన గుర్తు వాడతాం. గణితంలో మాదిరిగా ఇది రెండు వైపులా సమానమని చెప్పదు. ముందు కుడివైపు ఉన్నదాన్ని లెక్కకట్టి, వచ్చిన ఫలితాన్ని ఎడమవైపు పేరుకు ఇవ్వమని చెబుతుంది. ఈ క్రమం ముఖ్యం. కుడివైపు లెక్క మధ్యలో చెడితే దాన్ని మినహాయింపు, అంటే ఎక్సెప్షన్, అంటారు. అప్పుడు ఆపాదన జరగదు. చలరాశిలో పాత విలువ ఉంటే అదే మిగిలిపోతుంది.

ఉదాహరణ

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు మండలాల ఒకరోజు వర్షపాతాన్ని కూడాలి. ఉదయగిరి వరుసలో "12.5" అనీ, ఆత్మకూరు వరుసలో "నమోదు కాలేదు" అనీ ఉన్నాయనుకుందాం. ఇవి ఊహించిన వివరాలు. కింది ఆదేశాల్లో ట్రై, ఎక్సెప్ట్ వంటి పైథాన్ పదాలను కంప్యూటర్‌పై ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి.

మొత్తం = 0
ఫర్ మండలం, నమోదు ఇన్ వరుసలు:
    ట్రై:
        వర్షం = ఫ్లోట్(నమోదు)
    ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
        పాస్
    మొత్తం = మొత్తం + వర్షం

మొదటి ఆవృత్తిలో వర్షం 12.5, మొత్తం 12.5. రెండో ఆవృత్తిలో "నమోదు కాలేదు" అనే మాటను ఫ్లోట్ సంఖ్యగా మార్చలేదు, వాల్యూఎర్రర్ వస్తుంది. పాస్ దాన్ని వదిలేస్తుంది. వర్షం అనే చలరాశిలో ఉదయగిరి విలువే ఉంది కాబట్టి మొత్తం 25.0 అవుతుంది. తెరపై ఏ హెచ్చరికా కనిపించదు.

పాస్‌కు బదులు వర్షం = 0 అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. సున్నా అంటే కొలిచి చూశారు, వాన లేదు అని అర్థం. భారత వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిసిన రోజునే వర్షపు రోజుగా లెక్కిస్తుంది. పాత విలువ మిగిలితే ఆత్మకూరుకు లేని వర్షపు రోజు చేరుతుంది. సున్నా వేస్తే కురిసిన వాన కూడా పోవచ్చు. కరువు మండలాలను గుర్తించేటప్పుడు వర్షపాతం లోటును, వానల మధ్య విరామాన్ని పరిశీలిస్తారు. అందువల్ల ఈ తేడా రైతుకు అందే సాయం దాకా వెళ్తుంది.

సరైన పద్ధతి

    ట్రై:
        వర్షం = ఫ్లోట్(నమోదు)
    ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
        వర్షం = నన్
        ప్రింట్(మండలం, "నమోదు లేదు")
    ఎల్స్:
        మొత్తం = మొత్తం + వర్షం

నన్ అంటే విలువ లేదని అర్థం. ట్రై భాగం మినహాయింపు లేకుండా పూర్తయితేనే ఎల్స్ భాగం అమలవుతుంది. ఇప్పుడు మొత్తం 12.5. ప్రోగ్రామ్ ఆగిపోదు, ఆత్మకూరు నమోదు లేదన్న సంగతినీ దాచదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మొదటి ప్రోగ్రామ్‌లో ఆత్మకూరు వరుస ముందుగా వస్తే ఏమవుతుంది?

మాదిరి సమాధానం: వర్షం అనే చలరాశికి అప్పటికి ఏ విలువా ఆపాదించలేదు. కాబట్టి కూడిక దగ్గర నేమ్‌ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది.