తంతి లేని మెరుపు

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి. నగర్ కూడలి వరకును, అక్కడినుండి సాగర్ రోడ్డు వెంబడిని, పెండ్లిండ్ల కాలమున సాయంత్రము బయలుదేరినవారికి ఒక దృశ్యము తప్పక కనబడును. ఫంక్షన్ హాలు ముందు ఒక కారు ఆగును. దానినుండి ఇద్దరు ముగ్గురు యువకులు నల్లని సంచులు, మడిచిన స్టాండ్లు, తెల్లని గొడుగులు దించుకొందురు. పురోహితుడు వచ్చుటకు ముందే వీరు మంటపమునకు అటొకటి, ఇటొకటి దీపములు నిలిపి, చేత కెమెరా పట్టుకొని సిద్ధమగుదురు. కెమెరాకును ఆ దీపములకును నడుమ తీగ ఏదియు కానరాదు. అయినను మీట నొక్కినంతనే దూరముననున్న దీపములు మెరయును. ఈ పని చేయు చిన్న పెట్టెకు ట్రిగ్గరు అని పేరు. దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో నేడు ముచ్చటింతము.

దీపమును కెమెరాకు దూరముగా నిలుపుట ఎందులకని కొందరు అడుగవచ్చును. కెమెరా నెత్తిపైననున్న ఫ్లాషు ముఖమును సూటిగా కొట్టును. చెక్కిలి గుండ్రము తెలియదు. జరీ అంచు తెల్లని మచ్చయగును. వెనుక తెరపై నల్లని నీడ పడును. అదే ఫ్లాషును నాలుగడుగులు ప్రక్కకు జరిపి, గొడుగు గుండా వెలుగు రానిచ్చినచో ముఖమునకు రూపు వచ్చును. స్టూడియోలలో పనిచేసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. చిక్కు వేరొకచోట నున్నది. షట్టరు వేగము సెకనులో 200వ వంతో, 250వ వంతో అగువరకే కెమెరా షట్టరు ఒక్క క్షణమైనను పూర్తిగా తెరచి ఉండును. ఆ సందులోనే మెరుపు పడవలెను. ప్రక్కకు జరిపిన ఫ్లాషునకు ఆ క్షణమును తెలుపుట ఎట్లు?

మొదట తీగతో తెలిపిరి. స్టూడియోలో అది చాలును గాని, పిల్లలు పరుగెత్తు పందిరిలో తీగ కాలికి తగిలినచో స్టాండుతో సహా దీపము పడిపోవును. పిదప కాంతికి స్పందించు కన్నును ఫ్లాషునకు అమర్చిరి. ఒక ఫ్లాషు మెరసినచో రెండవది దానిని చూచి మెరయును. ఇది చౌక, తెలివైన ఉపాయము. కాని ఆ కన్నునకు తనవాడెవరో పరుడెవరో తెలియదు. బంధువులలో ఎవరి కెమెరా మెరసినను అదియు మెరయును. ఆరుబయట ఎండలో మెరసినను గుర్తింపదు. ఆ లోపము తీర్చుటకే రేడియో ట్రిగ్గరు వచ్చినది. కెమెరాపై ప్రసారిణి, దీపమువద్ద గ్రాహకము: చిన్నదైనను అది మా వృత్తికి చెందిన యంత్రమే.

అందుచేత ఈ విషయమున మాకు కొంత చనువు కలదు. హైదరాబాదు కేంద్రపు మధ్యతరంగ ప్రసారములు దశాబ్దములపాటు 738 కిలోహెర్ట్జ్‌పై వినిపించినవి. ఆ తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. అంతటి తరంగమునకు మనుష్యులు, స్తంభములు, గోడలు లెక్కలోనివి కావు. నేటి ట్రిగ్గరులలో పెక్కు పనిచేయునది 2.4 గిగాహెర్ట్జ్‌పై, దాని తరంగము పన్నెండున్నర సెంటీమీటర్లు, అనగా జానెడైనను లేదు. దానికి మనిషియే ఒక గోడ. మన దేహమున అధికభాగము నీరు. నీరు ఈ తరంగమును చక్కగా పీల్చుకొనును. ముహూర్త సమయమున మంటపము చుట్టు ముప్పదిమంది గుమికూడినచో, ఫోటోగ్రాఫరునకును దీపమునకును నడుమ నిజముగా ఒక నీటిగోడ నిలిచినట్లే. అందువలన గ్రాహకమును జనుల తలలకంటె ఎత్తుగా ఉంచవలెను. మంటపపు ఇనుప చట్రము వెనుక దాచరాదు.

పెట్టెపై ముద్రించిన 100 మీటర్ల దూరమును చూచి మురియువారు దీనిని గమనింపవలెను. ఆ కొలత బయలుప్రదేశమున తీసినది. హాలులో మనకు కావలసినది ఇరువది మీటర్లు, అదియు జనుల నడుమ. దూరము విషయమున వేరొక విచిత్రమును కలదు. ప్రసారిణి, గ్రాహకము ఒక మీటరుకంటె దగ్గరగా నున్నచో కొన్ని ట్రిగ్గరులు సరిగా పలుకవు. చెవిలో అరచినచో మాట తెలియనట్లు. గోడాక్స్ వారి కొన్ని ట్రిగ్గరులలో దీనికొరకే 0 నుండి 30 మీటర్ల వరకు అని వేరొక అమరిక ఉంచిరి. ఇరుకు గదులలో పనిచేయువారు దానిని వెదకి పెట్టుకొనవలెను.

గడచిన ఏట ఎల్.బి. నగర్ సమీపమున ఒక మిత్రుని కుమార్తె వివాహమునకు మేము వెళ్ళితిమి. ఆ హాలు రెండంతస్తులది. క్రింద ఒక పెండ్లి, పైన వేరొక పెండ్లి. మంచి ముహూర్తము ఒక్కరికే మంచిది కాదు గదా! జీలకర్ర బెల్లము వేళ సమీపించుచుండగా మా ఎదుటనున్న దీపము ఎవరును నొక్కకయే రెండుమూడు పర్యాయములు మెరసినది. నవ్వులాటగా తోచినది. కాని అడ్డుతెర దించి, వధూవరులు ఒకరి నెత్తిపై నొకరు చేయి ఉంచిన క్షణమున ఫోటోగ్రాఫరు మీట నొక్కగా దీపము వెలుగలేదు. అకారణముగా మెరసిన దీపమునకు మరల విద్యుత్తు నిండుటకు సెకను రెండు సెకనులు పట్టును. ఆ లోపుననే క్షణము గడచినది. పై అంతస్తునందలి బృందము వాడిన ట్రిగ్గరును ఇదే రకము. రెండింటిని పెట్టెలోనుండి తీసినట్లే మొదటి చానెలుపై ఉంచిరి. వారు నొక్కిన ప్రతిసారి మన దీపమును మెరసినది. పెండ్లికూతురి తండ్రి తరువాత ఆ చిత్రమును మాకు చూపినాడు. అందు చేతులు కనబడును. ముఖములు చీకటిలో నున్నవి. ఆ తంతును మరల చేయింపుమని పురోహితుని అడుగుటకు వీలులేదు.

ఇందు పంచాంగమునకును పాలు కలదని మా అభిప్రాయము. ఇతర దేశములలో పెండ్లిండ్లు వారాంతములందు చెదరి జరుగును. మనకు ఒకే లగ్నమునకు ఊరంతట మేళములు మ్రోగును. అంటే, ఆ ప్రాంతమునందలి ట్రిగ్గరులన్నియు ఒకే గడియలో, ఒకే వాయువీధిలో పలుకుచుండును. ఆ వీధియు మనకొరకే వేసినది కాదు. 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల భాగమున స్వల్పశక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదని 2005లో కేంద్రప్రభుత్వము నియమములు ప్రకటించినది. నాటినుండి వైఫై, బ్లూటూత్, తీగలేని మైకులలో కొన్ని, అన్నియు అందే నడచుచున్నవి. వచ్చిన బంధువులందరి జేబులలోను ఒక్కొక్క ప్రసారిణి ఉన్నదని తలంచుకొనుడు.

కనుక ట్రిగ్గరు కొనునపుడు మొట్టమొదట అడుగవలసినది చానెళ్ళు ఎన్ని, ఐ.డి. సంఖ్య కలదా అని. ఈ రెండును ఒకటి కావు. చానెలు రేడియోలోని స్థానమువంటిది. ఒకచోట సందడి ఎక్కువైనచో వేరొకచోటికి పోవచ్చును. ఐ.డి. ఉత్తరముపై వ్రాసిన చిరునామావంటిది. వీధిలో ఎందరున్నను తన పేరు విన్నవాడే పలుకును. గోడాక్స్ వారి ఎక్స్ పద్ధతిలో 32 చానెళ్ళు, 99 ఐ.డి.లు కలవు. ఐ.డి. పెట్టియున్నచో పై అంతస్తువారి మీట మన దీపమును కదల్పలేదు. కాని ఐ.డి. సందడిని తగ్గింపజాలదు, వైఫై రొద ఎక్కువగానున్న చానెలుపై మన ఆజ్ఞ దీపమునకు అందకయే పోవచ్చును. దానికి మందు చానెలు మార్చుటయే. తక్కువ రొదగల చానెలును తానే వెదకిపెట్టు ట్రిగ్గరులును వచ్చినవి. మంటపమువద్ద పనిచేయువారికి ఆ సౌకర్యము ధరకు తగినదే.

రెండవది కుటుంబము కలియుట. ఫ్లాషులోనే గ్రాహకము అమర్చియున్నచో దానికి ఆ కంపెనీ ట్రిగ్గరే సంబంధము; వేరొకరి భాష దానికి తెలియదు. మీ వద్దనున్న, ముందుముందు కొనదలచిన దీపములను ఎన్నుకొని, పిదప ట్రిగ్గరును ఎన్నుకొనుట మేలు. కెమెరాకును ఇదే న్యాయము. నికాన్, కెనాన్, సోనీ కెమెరాలకు వేర్వేరు నమూనాలు అమ్ముదురు. మంచి పేరుగల ట్రిగ్గరేయైనను అక్షరము మారినచో నిరుపయోగము.

విద్యార్థులు మిక్కిలిగా మోసపోవు చోటొకటి ఉన్నది. కెమెరా నెత్తిపైనుండు హాట్‌షూ నడుమ ఒక గుండ్రని లోహపు చుక్క ఉండును. దశాబ్దములుగా ఏ కంపెనీ ఫ్లాషునైనను మెరపించినది ఆ చుక్కయే. కెనాన్ వారు 1500డి, 3000డి, 200డి రెండవ మార్కు వంటి ప్రారంభకుల కెమెరాలలో ఆ చుక్కను తీసివేసిరి. క్రొత్తగా నేర్చుకొనువారు కొనునవియు ఎక్కువగా ఇవియే. చౌకగా దొరకు ఏకబిందు ట్రిగ్గరును వీనిపై పెట్టినచో అది ఎన్నడును మెరయదు; దుకాణదారుడు యంత్రము మంచిదేననును, కొన్నవాడు చెడిపోయినదనును, ఇద్దరి మాటయు నిజమే. కెనాన్ భాష తెలిసిన ట్రిగ్గరునే, అదియు తమ కెమెరాపై పెట్టి మెరపించి చూచిన మీదటనే కొనవలెను.

పాత ఫ్లాషులున్న స్టూడియోవారికి వేరొక హెచ్చరిక. వెనుకటి కొన్ని ఫ్లాషుల అడుగున నడిమి చుక్కకును అంచునకును మధ్య రెండు వందల వోల్టులకు పైగా ఉండును. నేటి సున్నితమైన యంత్రములకు అది విషతుల్యము. ఫ్లాషును పూర్తిగా చార్జి చేసి మల్టీమీటరుతో కొలిచి, ట్రిగ్గరుతో వచ్చిన పత్రములోని పరిమితితో పోల్చుకొనవలెను. కొలుచుటకు చేతకానిచో ఎలక్ట్రీషియను నడుగుట చిన్నతనము కాదు.

దిల్‌సుఖ్‌నగర్ ఇండ్లలో అమెరికాలో నున్న కుమారుడో అల్లుడో లేని ఇల్లు అరుదు. అక్కడినుండి కానుకగా ట్రిగ్గరు తెప్పించుకొనువారు ఒక్క క్షణము ఆగవలెను. పాకెట్‌విజర్డ్ అను పేరుపొందిన యంత్రము అమెరికాకు సుమారు 344 మెగాహెర్ట్జ్‌పైనను, ఐరోపాకు 433 మెగాహెర్ట్జ్‌పైనను తయారైనది. ఒకదానితో ఒకటి మాటలాడవు. ఇక్కడ జత కొనవలెనన్నచో చిక్కు. పైగా ఒక దేశపు నియమములకొరకు ఎంచిన పౌనఃపున్యము వేరొక దేశమున చెల్లునని తలంపరాదు. 2.4 గిగాహెర్ట్జ్ యంత్రమునకు ఈ బెడద లేదు. మరమ్మతునకు తీసికొనిపోవుటకైనను ఇక్కడ బిల్లుతో కొన్నదే తేలిక.

అందరికిని ఖరీదైనదే కావలెనని మా మాట కాదు. చైతన్యపురి ప్రాంతమున కోచింగు సెంటర్ల విద్యార్థులకు దరఖాస్తు ఫోటోలు తీయు చిన్న స్టూడియోలు కలవు. అక్కడ గది చిన్నది, గోడ తెల్లనిది, దీపములు కదలవు. మెరుపు బలమును ఒక్కసారి చేతితో పెట్టుకొన్నచో సంవత్సరము గడచును. వారికి సామాన్యమైన ట్రిగ్గరే చాలును. మిగిలిన సొమ్ముతో మంచి గొడుగు కొనుట మేలు. బలమును తానే లెక్కించు టి.టి.ఎల్. పద్ధతి ఎదురుకోలు, ఊరేగింపు వంటి కదలు సన్నివేశములకు ఉపకరించును. మంటపమున మాత్రము దానిని మేము అంతగా నమ్మము. వరుని తెల్లని పంచె, వధువు జరీచీర వెలుగును వెనుకకు కొట్టగా అది మోసపోయి ముఖములను నలుపు చేయును. అక్కడ కెమెరావద్దనుండియే ఒక్కొక్క దీపపు బలమును హెచ్చించి తగ్గించు వీలుండుట అధికోపయోగము. పట్టపగలు తోటలో తీయువారికి మాత్రము, షట్టరు వేగము 250వ వంతును మించినను దీపము తోడు వచ్చు హైస్పీడ్ సింక్ అవసరము.

ఎల్.బి. నగర్ నుండి అమీర్‌పేటకు 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు మొదలైన పిదప కోఠి దుకాణములకు పోవుట సులువైనది. పోవునపుడు మీ కెమెరాను, మీ దీపమును వెంట తీసికొనిపొండు. అంగడిలో నూరుసార్లు నొక్కి, ఎన్నిసార్లు మెరయలేదో లెక్కించుడు. దీపమును బలహీనమైన అమరికపై పెట్టినచో ప్రతిసారి విద్యుత్తు నిండుటకు ఆలస్యము కాదు. తప్పు ట్రిగ్గరుదో దీపముదో తేటపడును. మిత్రుని దీపమునకును నీకును నడుమ నిలువుమనుడు. పది నిమిషములు ఊరక ఉంచి మరల నొక్కుడు. కొన్ని ట్రిగ్గరులు నిద్రపోయి మొదటి మీటకు లేవవు. ఆ మొదటి మీటయే మాంగల్యధారణ కావచ్చును.

మిత్రుని ఇంట పెండ్లిలో ఆనాటి ఫోటోగ్రాఫరు తలంబ్రాల వేళకు తన ఐ.డి.ని 27గా మార్చుకొన్నాడు. పై అంతస్తువారు ఎన్ని పర్యాయములు నొక్కినను క్రింది దీపము మరల తొందరపడలేదు. తలంబ్రాల చిత్రములు బాగుగా వచ్చినవి.